కడిగిన దూది

మా వీధిలో సగం మంది దూదక్క చేసిన దిండు మీదే నిద్రపోతారు. ఆవిడ మాత్రం ఇరవై ఏళ్లకు పైగా మోచెయ్యి మడిచి తల కింద పెట్టుకునే పడుకుంది. దిండ్లు చేసే మనిషికే దిండు లేకపోతే జనం ఊరుకుంటారా? పిసినారితనం అన్నారు కొందరు. మెడ పట్టేసి ఉంటుందన్నారు ఇంకొందరు. మూడో ఇంటాయన అయితే, మిఠాయి కొట్టువాడు మిఠాయి ముట్టుకుంటాడా, ఇదీ అంతే అని తేల్చేశాడు. ఆయన తేల్చని విషయం ఈ వీధిలో ఏదీ లేదు లెండి. అసలు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నాళ్లూ మోశాను, ఇక మోయలేక రాస్తున్నాను. ఒక్క మనిషి కంట మాత్రం ఈ కాగితాలు పడకూడదు. ఆ మనిషి ఎవరో చదివితే మీకే తెలుస్తుంది.

నేను ఆవిడ పక్క గదిలో బట్టలు కుట్టుకునేదాన్ని. ఆవిడ దిండ్లకి గలీబులన్నీ నా మిషను మీదే తయారయ్యేవి. అందుకని నన్ను మిషనమ్మ అని పిలిచేది. రెండు గదుల మధ్య తలుపు లేదు, గోనెపట్టా ఒకటి వేలాడుతుండేది. ఆవిడ గదికి నాలుగు పక్కలా దోమతెర గుడ్డ కట్టి ఉండేది. లోపల ఫ్యాను తిప్పకూడదు, అగ్గిపుల్ల గియ్యకూడదు, గట్టిగా తుమ్మకూడదు. బూరుగు దూది అంత తేలిక. ఎండాకాలం ఆ గదిలో ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని, బుట్టలో పోసిన దూదిని కవ్వంలాంటి కర్రతో చిలుకుతూ కూర్చునేది. గింజలు అడుగుకి రాలేవి, దూది పైకి లేచేది. ఎంత గోనెపట్టా ఉన్నా నా టీ గ్లాసులోకి రోజూ ఒక పోగు వచ్చి పడేది. నేను సణిగితే, "తాగెయ్, కడుపులో మెత్తగా ఉంటుంది" అనేది.

ఆ దూదంతా ఊరి వెనక అడవి అంచున ఉన్న తెల్ల బూరుగు చెట్లది. వాటిని చూస్తే నాకు చిన్నప్పటినుంచీ సరిపడదు. చెట్టు మొదట్లో వేళ్లు మనిషెత్తు గోడల్లా లేచి ఉంటాయి. మాను నిండా ముళ్లు. ఆకులన్నీ రాలిపోయి బోసిగా నిలబడ్డాక అప్పుడు పూస్తాయి, పాలిపోయిన తెలుపు పూలు, విరిగిన పాల వాసన. చీకటి పడితే గబ్బిలాలు ఆ పూల కోసం మూగుతాయి. ఆ తరవాత కాయలు. కాయ పగలకముందే కోసెయ్యాలి. పగిలిందా, దూది గాలికి పోతుంది, ఊరంతా దగ్గుతుంది.

దూదక్క నాన్న ఆ కాయలు కోసేవాడు. ముళ్లు గుచ్చుకోకుండా ఛాతీకి గోనెసంచి చుట్టుకుని ఎక్కేవాడు. బూరుగు కొమ్మ నమ్మదగింది కాదు. చూడ్డానికి దుక్కలా ఉంటుంది, లోపల బెండు. ఒక పొద్దున కొమ్మతో సహా కింద పడ్డాడు. ఇక లేవలేదు. తల్లి తమ్ముడి పురిట్లోనే పోయింది. ఇంట్లో మిగిలింది పదహారేళ్ల దూదక్కా, చంకదిగని తమ్ముడూ. ఆయన ఆ రోజు కోసిన కాయలు చెట్టు కింద గుట్టగా పడి ఉంటే, వాటినే ఇంటికి తెచ్చి ఒలిచి, ఆవిడ మొదటి దిండు చేసింది. ఏడవడానికి తీరిక ఎక్కడుంది, వాడికి ఆకలేస్తోంది అని తరవాతెప్పుడో నాతో అంది.

తమ్ముడు సన్నగా పీలగా ఉండేవాడని వీధంతా పీచు అని పిలిచేది. పెద్దయ్యాక కూడా ఆ పేరే నిలిచిపోయింది. వాడికి నాన్న పోలికే, చెట్టు కనిపిస్తే కాళ్లు ఆగేవి కావు. ఒకసారి బూరుగు చెట్టెక్కి పై కొమ్మ మీద కూర్చుని అక్కా అని కేకేశాడు. ఆవిడ కింద నిలబడి, ఒక్క మాట తిట్టకుండా, నెమ్మదిగా దిగు నాన్నా, ఆ కొమ్మ కాదు, ఎడమ కాలు కింద పెట్టు, అని దింపించింది. నేల మీద కాలు పెట్టగానే చీపురు విరిగేదాకా కొట్టింది. కొట్టి వాణ్ని పట్టుకుని నడిరోడ్డు మీద కూర్చుండిపోయింది. ఆ రోజునుంచి ఆవిడ బతుకులో ఒకటే లెక్క, వీడు చెట్టు మీదనుంచి పడి చావకూడదు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు వీడి సంగతి చూడనివ్వండి" అనేది. వీడి సంగతి చూస్తూ చూస్తూ ఆవిడ వయసు దాటిపోయింది.

పీచుకి లాంచీ మీద పని దొరికినప్పుడు ఆవిడ పొంగిపోయింది. మా ఊరి నది వెడల్పైనది, అవతలి ఒడ్డుకి లాంచీలే దిక్కు. రేవు రాగానే మోకు విసిరి గుంజకి కట్టడం, జనాన్ని చెయ్యి పట్టి దింపడం వాడి పని. నేనన్నాను, "వాడికి ఈత రాదు కదే."

"నేర్చుకుంటాడు. నీళ్లకి ముళ్లుండవు, కొమ్మలుండవు" అంది.

వాడు నేర్చుకోలేదు. నడుములోతు నీళ్లలో నిలబడటం తప్ప ఈత వాడికి అబ్బలేదు. ఈలోగా పెళ్లయింది. వచ్చిన పిల్ల నెమ్మదస్తురాలు, ఆడపడుచుని వదినా వదినా అంటూ వెనకే తిరిగేది. ఆ ఇంట్లో నవ్వులు వినబడటం అదే మొదటిసారి. గోనెపట్టా ఇవతల కూర్చుని నేనూ నవ్వుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే లాంచీ యజమాని మా కొట్టుకి వచ్చాడు. పనివాళ్లందరికీ నీళ్లలో తేలే చొక్కాలు ఉండి తీరాలని పైనుంచి చెప్పారట. బయట కొనడానికి చెయ్యి రాలేదు పాపం. "పెద్దవాళ్లు వెనకటికి బూరుగు దూదితో చేసేవాళ్లట కదా, మీరిద్దరూ కలిసి ఒక ఐదు చెయ్యండి" అన్నాడు. దూదక్క వెంటనే ఒప్పుకోలేదు. నా చేత కాన్వాసు గుడ్డతో చిన్న సంచి కుట్టించి, దూది కూరి, దానికి ఇటుక కట్టి నీళ్ల తొట్టిలో వేసింది. ఇటుకతో సహా తేలింది. చేత్తో అడుగుకి తొక్కితే మళ్లీ లేచి వచ్చింది. సాయంత్రం దాకా అలాగే వదిలేసి చూసింది, దిగలేదు. అప్పుడు ఆవిడ మొహం చూడాలి. నాన్నని మింగిన చెట్టు తమ్ముణ్ని కాపాడుతుందని నాతో పైకే అంది. నాకు అలాంటి మాటలు గిట్టవు, ఊఁ అని ఊరుకున్నాను.

ఐదు చొక్కాలూ ఒకే దూదితో నింపింది. పీచుది తెలియడానికి మెడ పట్టీ మీద ఎర్ర దారం కుట్టాను. వాడు అది తొడుక్కుని రేవులో దూకి, వెల్లకిలా తేలుతూ, చేతులు తల కింద పెట్టుకుని నిద్ర నటించాడు. ఒడ్డున ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. దూదక్క నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తరవాత మరదలికి నెల తప్పింది. వేవిళ్లు విపరీతం. గింజ తీసిన పచ్చి దూదికి ఒక నూనె వాసన ఉంటుంది, తడిసి ఆరితే మరీను. మాకు అలవాటైపోయి తెలిసేది కాదు. పీచు ఆ చొక్కా వేసుకుని గడపలోకి వస్తే చాలు, ఆ పిల్ల పెరట్లోకి పరుగెత్తేది. వాడు ముందు చొక్కాని వసారాలో తగిలించడం మొదలెట్టాడు. తరవాత తీసుకెళ్లడమే మానేశాడు. ఒక ఉదయం కొక్కేనికి వేలాడుతున్న చొక్కాని చూసి దూదక్క వీధి చివరిదాకా పరుగెత్తి వాణ్ని పట్టుకుంది.

"చచ్చిపోతావురా వెధవా. చొక్కా లేకుండా నది మీదకి పోతావా?"

"నేనేం చెయ్యనక్కా. దాని వాసనకి అది ముద్ద మింగట్లేదు. రెండు రోజుల్నుంచి మంచినీళ్లు కూడా ఇమడట్లేదు."

సాయంత్రం మరదలే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, ఆ పిల్ల అన్న మాటలు నాకు ఇప్పటికీ వినబడుతుంటాయి.

"ఆయన్నేమీ అనకు వదినా. నాకే పడట్లేదు. చంటిపిల్లల దిండ్లకి దూది కడుగుతావే, అట్లా దీన్నీ కడిగి పెడితే వాసన పోదూ?"

"నాకు తట్టనే లేదు చూడు" అంది దూదక్క. ఆవిడ గొంతు ఎంత తేలికపడిందో.

చంటిపిల్లల దిండ్ల దూది ఆవిడకి పేరు తెచ్చిన సరుకు. మరిగే నీళ్లలో బట్టల సోడా వేసి, దూదిని అందులో ముంచి తొక్కి, నీళ్లు తేరేదాకా మళ్లీ మళ్లీ జాడించి, పల్చటి గుడ్డ కింద ఎండలో ఆరబెట్టేది. నూనె వాసనంతా పోయేది, తెల్లగా, చెంపకి ఆనిస్తే ఉందో లేదో తెలియనంత మెత్తగా వచ్చేది. మామూలు దిండ్లకి అంత చాకిరీ ఎవరూ చెయ్యరు. తమ్ముడి చొక్కా విప్పి, ఆ దూదంతా తీసి, ఒకసారి కాదు, రెండుసార్లు కడిగింది. సోడాకి చేతులు పగిలిపోయాయి. తగ్గిన దూదికి బదులు చంటిపిల్లల సరుకు కలిపి బిగువుగా కూరింది. నేను పాత కుట్ల మీదే మళ్లీ కుట్టాను. పీచు వాసన చూసి, "పెళ్లినాటి చొక్కాలా ఉందే" అన్నాడు. మరదలు కూడా ముక్కు దగ్గర పెట్టుకుని తల ఊపింది. ఆ మర్నాటినుంచీ వాడు చొక్కా మరిచిపోలేదు. ఇంకోసారి ఇటుక కట్టి చూడాలని దూదక్కకి తోచలేదు. ఎందుకు తోస్తుంది? అదే చెట్టు, అదే దూది, పైగా ఉన్నవాటిలోకెల్లా మేలైనది.

వానాకాలం నది నిండుగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం లాంచీ అవతలి ఒడ్డునుంచి వస్తోంది. ఎక్కించవలసినదానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు, అది రోజూ ఉన్నదే. పైనుంచి కొట్టుకొచ్చిన మాను ఒకటి అడుగున తగిలింది. లాంచీ ఒక పక్కకి ఒరిగి అలాగే బోర్లాపడింది. రేవు దగ్గర్లోనే కాబట్టి పడవలు వెళ్లి చాలామందిని లాగాయి. చొక్కాలున్న నలుగురు పనివాళ్లూ నీళ్ల మీద తేలుతూ తలా ఇద్దర్ని పట్టుకుని ఉన్నారు. పీచు కనబడలేదు. వాడు కూడా ఇద్దరు ముగ్గుర్ని పడవ దాకా తోశాడని చూసినవాళ్లు చెప్పారు. తరవాత నీళ్లలో బరువుగా కదిలాడట, చెయ్యి ఎత్తాడట. మర్నాడు దిగువన దొరికాడు. చొక్కా తాళ్ల ముడులన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

ఊరంతా ఒకే మాట అంది. జనాన్ని లాగి లాగి అలిసిపోయాడు, తన ప్రాణం చూసుకోలేదు అని. మూడో ఇంటాయన కూడా అదే తేల్చాడు. అందులో అబద్ధం లేదు. కానీ మిగతా నలుగురూ అలిసిపోయినవాళ్లే.

ఎర్ర దారం చొక్కాని ఇంటికి తెచ్చి పెరటి తీగ మీద వేశారు. ఆ నలుగురి చొక్కాలూ రేవులో ఒక పూట ఎండకే ఆరిపోయాయి. ఇది రోజుల తరబడి కారుతూనే ఉంది. తీగ సాగి కిందికి వేలాడింది. దూదక్క గుమ్మంలో కూర్చుని ఏడుపాపి దానివంక చూడటం మొదలెట్టింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఒకరోజు మరదలు పడుకున్నాక, పట్టపగలే, ఆవిడ నా గదిలోకి నీళ్ల తొట్టి లాక్కొచ్చింది. ఒక చేతిలో పచ్చి దూది, ఒక చేతిలో చంటిపిల్లల దిండుకి కడిగి ఉంచిన దూది. రెండూ నీళ్ల మీద వేసింది. పచ్చిది వేసినట్టే నిలబడింది. కడిగింది కాసేపు తెల్లగా ఉండి, అంచులనుంచి నానుతూ, నెమ్మదిగా లోపలికి దిగిపోయింది. ఆవిడ చెయ్యి పెట్టి దాన్ని పైకి తీసింది. వదిలితే మళ్లీ దిగింది. మళ్లీ తీసింది. అలా ఎన్నిసార్లు తీసిందో, నేనే వెళ్లి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

ఆ నూనే దాన్ని తేల్చేదట. వాసనతోపాటు దాన్నీ కడిగేశాం. ఇదంతా నాకు తరవాత అర్థమైంది. ఆవిడకి ఆ తొట్టి ముందే అర్థమైంది.

"నేను చంపాను మిషనమ్మా" అంది.

"నీకు తెలిసి చేశావా?"

"తెలియకపోతే బతికొస్తాడా?"

ఆవిణ్ని తిట్టాను. కోపం వస్తే నాకు నోరు ఆగదు, ఏడుపొచ్చినా అంతే. ఆవిడ వినలేదు. గోనెపట్టా వైపు చూసి గొంతు తగ్గించింది.

"కడగమన్నది ఆ పిల్ల. దానికి ఈ సంగతి తెలిసిందంటే ఒక్క పూట బతకదు. కడుపులో వాడి బిడ్డ ఉంది. నాతోనే పోవాలి ఇది. నీతో పోవాలి."

సరే అన్నాను.

ఆ తరవాత ఒక్కసారి రేవుకి వెళ్లి లాంచీ యజమానితో చెప్పింది, ఆ చొక్కాలని సోడాతో గానీ సబ్బుతో గానీ ఉతకనివ్వద్దని. ఆయన, "వీళ్లు ఒంటి మీద చొక్కాలే ఉతకరమ్మా" అన్నాడు. అక్కడితో చంటిపిల్లల సరుకు చెయ్యడం కూడా మానేసింది. అడిగినవాళ్లకి చేతులు పుళ్లయిపోయాయని చెప్పింది. అది నిజమే.

ఆడపిల్ల పుట్టింది. మరదలు బాలింతగా ఉన్నప్పటినుంచీ ఒక మాట పదేపదే అనేది. "ఎవరూ లేకుండా పోలేదు వదినా ఆయన. నీ చేతి చొక్కా ఒంటి మీద ఉండగా పోయారు. ఆఖరిదాకా నువ్వే పట్టుకుని ఉన్నావనుకుంటాను." ఆ పిల్లకి అదొక ఊరట. ఆ మాట అన్నప్పుడల్లా దూదక్క, "అవునమ్మా" అనేది. ఇవతల నా మిషను ఆగిపోయేది. నాకైతే ఆ మాట మరోసారి వినడం కన్నా ఎవరైనా చెంప పగలగొడితే నయమనిపించేది. ఆవిడ ఏళ్ల తరబడి విన్నది.

పాపకి కొన్ని నెలలు వచ్చాక మరదలు ఆ చొక్కా పట్టుకుని వచ్చింది. అప్పటికి అది ఎండిపోయింది.

"దీన్ని విప్పి పాపకి దిండు చేసిపెట్టు వదినా. వాళ్ల నాన్నది ఏదో ఒకటి దానికి ఉండాలి కదా. ఎలాగూ కడిగిన దూదే."

దూదక్క నా వంక చూసింది. నేను కత్తెర కోసం వెతుకుతున్నట్టు తల వంచాను. వద్దనడానికి ఒక్క కారణం చెప్పాలి, ఆ ఒక్కటీ చెప్పడానికి లేదు. ఎర్ర దారం చొక్కా కుట్లు నేనే విప్పాను. ఆవిడ ఆ దూదిని ఎండలో మళ్లీ విరబోసి, పోగు పోగు విడదీసి, అరచేతిలో పట్టేంత దిండు చేసింది. నది మట్టి రవ్వలు రవ్వలుగా రాలింది. మరదలు పాపని దాని మీద పడుకోబెట్టి, వంగి ముక్కు ఆనించింది.

"వాసన లేదు" అంది సంతోషంగా.

"లేదమ్మా" అంది దూదక్క.

ఆ రోజే తన మంచం మీది దిండు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇక నాకు వద్దు అంది.

పాప పెరిగింది, చదువుకుంది, ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లింది. అత్తా అత్తా అని ఈవిడ మెడ పట్టుకు వేలాడేది. దూదక్కకి చివరి ఏళ్లలో ఊపిరి ఆడేది కాదు. అన్నేళ్ల దూది లోపలికి వెళ్లిందని డాక్టరు అన్నాడు. దగ్గు తెర వస్తే కూర్చోబెట్టి వీపు రాసేది మరదలే. దిండు ఎత్తుగా పెట్టుకుంటే ఆయాసం తగ్గుతుందని డాక్టరు చెబితే, గోడకి చేరగిలబడి నిద్రపోవడం నేర్చుకుంది తప్ప దిండు పెట్టనివ్వలేదు. మరదలు బతిమాలింది, కోప్పడింది. "మొండితనం వదినా నీది" అని ఏడ్చింది కూడా.

బూరుగు చెట్లు పూసి, ఆ విరిగిన పాల వాసన వీధిలోకి వస్తున్న రోజుల్లో దూదక్క పోయింది. తీసుకెళ్లేవాళ్లు వచ్చారు. ఎత్తబోతుంటే మరదలు ఆగమంది. లోపలికి వెళ్లి పెట్టె తీసిన చప్పుడైంది. చేతిలో ఆ చిన్న దిండుతో వచ్చింది. పాతబడి పసుపెక్కింది, నా కుట్లు ఇంకా ఊడలేదు.

"జన్మంతా ఊరికి దిండ్లు పెట్టింది, తను ఒక్కటీ పెట్టుకోలేదు. ఇప్పుడైనా తల కింద మెత్తగా ఉండనీ. తమ్ముడిది, తన చేత్తో చేసిందే. కాదనదు" అంది.

నా చెయ్యి ముందుకి వెళ్లింది. మరదలు నా వంక చూసింది.

"ఏంటి మిషనమ్మా?"

"ఏం లేదు. కొంచెం ఇటు జరుపు, తల పక్కకి వాలుతోంది" అన్నాను.

నేనే ఆవిడ తల ఎత్తి పట్టుకున్నాను. మరదలు దిండు కిందకి తోసింది.